ముందు మీ టెస్టు: పిల్లల కోసం ఎదురుచూస్తున్న మగవాళ్లు చేయాల్సిన పనులు

పెళ్లయి ఏడాది దాటింది, ఏ జాగ్రత్తా తీసుకోకుండానే కలుస్తున్నారు, అయినా నెల తప్పడం లేదు. అప్పుడు ఇంట్లో మొదట ఎవరిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు? ఆవిడనే. మా ఇంట్లోనూ అదే జరిగింది. రెండేళ్ల పాటు మా ఆవిడకి హార్మోన్ టెస్టులు, నెలనెలా స్కానింగులు, చివరికి ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే హెచ్‌ఎస్‌జీ. ఆ రోజు నేను ఎక్స్‌రే గది బయట స్టీలు కుర్చీలో, ఆవిడ హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. తను బయటికి వచ్చేసరికి చున్నీ కొస నోట్లో పెట్టుకుని ఉంది, కొరికి కొరికి ఆ కొసంతా తడిసిపోయింది. "బాగా నొప్పేసిందా?" అంటే తలూపింది, అంతే. రిపోర్టులో రెండు ట్యూబులూ బాగానే ఉన్నాయి. అప్పటికి నాకు ఒక్క టెస్టు కూడా జరగలేదు. ఎవరూ రాయలేదు, నేనూ అడగలేదు.

ఆ తర్వాత ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, ఆవిడ మా లావుపాటి ఫైలంతా తిరగేసి "మీవారి రిపోర్టు ఏదమ్మా?" అంది. లేదు. మర్నాడు వీర్యం శాంపిల్ ఇచ్చాను. మిల్లీలీటరుకు 60 లక్షల వీర్యకణాలు, కదిలేవి వందకు 18. అంటే రెండేళ్లుగా మేం వెతుకుతున్న జవాబు నా దగ్గరే ఉంది. ఆ రెండేళ్లూ తనకి నేను తిరిగి ఇవ్వలేను కాబట్టి, మీరైనా ఆ తప్పు చేయకూడదని ఇదంతా రాస్తున్నా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ప్రతి ఆరుగురిలో ఒకరు ఈ సమస్య ఎదుర్కొంటున్నారు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాళ్ల వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది, కొన్నిచోట్ల కేవలం మగవాళ్ల వైపే ఉంటుంది. అయినా మాటలు పడేది మాత్రం ఆడవాళ్లే. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ దగ్గరి చిలుకూరు బాలాజీ గుడిలో సంతానం లేని ఆడవాళ్లకు గరుడ ప్రసాదం ఇస్తారని తెలిసి జనం పోటెత్తారు, ఆ దారులన్నీ గంటల తరబడి ఆగిపోయాయి, మీకూ గుర్తుండే ఉంటుంది. నాకూ దేవుడంటే నమ్మకమే, మొక్కుకోవడంలో తప్పేం లేదు. కానీ ఆ కార్లూ బైకులూ నడుపుకుంటూ భార్యల్ని తీసుకొచ్చిన వాళ్లలో ఎంతమంది తమ టెస్టు చేయించుకుని ఉంటారని, ఆ రోజు టీవీ చూస్తుంటే గుండె కలుక్కుమంది.

ఎప్పుడు వెళ్లాలి

ఏడాది ప్రయత్నించాక. ఆవిడకి 35 దాటితే ఆరు నెలలకే. ఇద్దరూ ఒకేసారి టెస్టులు మొదలుపెట్టండి, ఒకరి తర్వాత ఒకరు కాదు. చిన్నప్పుడు వృషణం కిందికి దిగలేదని ఆపరేషన్ అయినా, గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ అయినా, పెద్దయ్యాక గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాచినా, కీమోథెరపీ తీసుకున్నా, జిమ్‌లో ఇంజెక్షన్లు వాడినా ఏడాది ఆగే పని లేదు, ఇప్పుడే వెళ్లండి.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. కౌంటు, అంటే వీర్యకణాల సంఖ్య, తక్కువ ఉండటానికీ మగతనానికీ సంబంధం లేదు. పడకగదిలో ఏ ఇబ్బందీ లేని వాళ్లకి కౌంటు సున్నా ఉండొచ్చు. గడ్డం, కండలు, గొంతు, ఇవేవీ చూసి చెప్పలేం. మైక్రోస్కోప్ కింద చూస్తేనే తెలుస్తుంది. అందుకే "నాకేంటి, నేను బాగానే ఉన్నాగా" అనే మాట ఈ విషయంలో పనికిరాదు.

శాంపిల్ ఇచ్చేటప్పుడు

సెమెన్ అనాలిసిస్, అంటే వీర్య పరీక్ష, కొన్ని వందల రూపాయల్లో అయిపోయే టెస్టు, నొప్పి లేదు, సూది లేదు. మనల్ని ఆపేది సిగ్గు ఒక్కటే. నేను ఇచ్చిన ల్యాబులో బాత్రూమ్ గడియ సరిగా పడదు, పక్కనే బకెట్‌లో నల్లా నీళ్లు చుక్కచుక్కగా పడుతున్నాయి, బయట ఎవరో రెండుసార్లు తలుపు తట్టారు. నలభై నిమిషాలు పట్టింది. చెమటలు పట్టిపోయి, ఆ డబ్బాని చొక్కా జేబులో పెట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్తే అక్కడున్న అమ్మాయి మామూలుగా పేరు, టైమ్ రాసుకుని పక్కన పెట్టింది. వాళ్లకి ఇది రోజూ ఉండే పనే. ఇంత భయపడింది దీనికా అనిపించింది.

టెస్టుకి ముందు కనీసం రెండు రోజులు, ఎక్కువలో ఎక్కువ ఏడు రోజులు వీర్యం పోకుండా చూసుకోవాలి. పదిహేను రోజులు దాచుకుని వెళ్తే కౌంటు ఎక్కువ వస్తుందనుకుంటారు, కానీ అప్పుడు కదలిక తగ్గిపోయి కనిపిస్తుంది. సబ్బు, నూనె, ఉమ్మి వాడొద్దు. మామూలు కండోమ్‌లో పట్టి తేవొద్దు, అందులో ఉండే పదార్థాలు కణాల్ని చంపేస్తాయి. మొదట వచ్చే భాగంలోనే కణాలు ఎక్కువ, కాబట్టి అది కిందపడితే దాచకుండా చెప్పండి, ఇంకో రోజు రమ్మంటారు.

ల్యాబులో మీవల్ల కాకపోతే ఇంట్లో తీసి తెస్తానని ముందే అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. కాకపోతే అరగంటలో, మహా అయితే గంటలోపు చేరాలి. ఎల్బీ నగర్ నుంచి అమీర్‌పేట ల్యాబుకి పొద్దున తొమ్మిదింటికి బయల్దేరితే గంటలో చేరతామని నమ్మకం లేదు, కాబట్టి ఇంటికి దగ్గరి ల్యాబే చూసుకోండి, లేదా ట్రాఫిక్ మొదలవ్వకముందే వెళ్లండి. డబ్బా చొక్కా లోపల ఒంటికి ఆనుకుని ఉండాలి. బైకు డిక్కీలో పెట్టొద్దు, ఎండాకాలం అది పొయ్యిలా ఉంటుంది. కారు ఏసీ గాలికీ పెట్టొద్దు.

గత మూడు నెలల్లో డెంగీ గానీ, గట్టి వైరల్ జ్వరం గానీ వచ్చి ఉంటే తప్పకుండా చెప్పండి. పెద్ద జ్వరం వచ్చాక రెండు మూడు నెలలు కౌంటు పడిపోయి మళ్లీ లేస్తుంది. మన దగ్గర వానాకాలం వెళ్లాక చేయించుకున్న రిపోర్టు చూసి కుంగిపోయే వాళ్లలో కొందరికి కారణం ఆ జ్వరమే. ఇంకోటి, ఒక్క రిపోర్టుతో ఏదీ తేల్చుకోవద్దు. ఒకే మనిషికి ఒక నెలకీ ఇంకో నెలకీ చాలా తేడా వస్తుంది. బాగాలేదని వస్తే కొన్ని వారాలు ఆగి, మొదటిసారి ఎన్ని రోజులు వీర్యం పోకుండా చూసుకున్నారో అన్నే రోజులు చూసుకుని, వీలైతే అదే ల్యాబులో రెండోది చేయించండి.

రిపోర్టు ఎలా చదవాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో విడుదల చేసిన మాన్యువల్ ప్రకారం కింది హద్దులు ఇవి: వీర్యం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 16 మిలియన్లు అంటే కోటీ 60 లక్షల కణాలు, మొత్తం శాంపిల్‌లో 39 మిలియన్లు, కదిలేవి 42 శాతం, మొత్తం కణాల్లో ముందుకు ఈదేవి 30 శాతం, ఆకారం సరిగా ఉన్నవి 4 శాతం. కొన్ని ల్యాబులు ఇంకా 2010 నాటి అంకెలే వేస్తుంటాయి, నా రిపోర్టులో కింది హద్దు 15 మిలియన్లు అని ఉండేది. ఆ కాస్త తేడాకి కంగారు పడకండి.

ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే సగం భయం పోతుంది. ఏడాదిలోపు భార్య నెల తప్పిన మగవాళ్ల శాంపిళ్లు తీసుకుని, అందులో అట్టడుగున ఉన్న ఐదు శాతం మంది దగ్గర గీత గీశారు. అంటే ఆ గీత కింద ఉన్నవాళ్లలో కూడా తండ్రులైన వాళ్లున్నారు. గీత పైన ఉన్నంత మాత్రాన అంతా బాగున్నట్టూ కాదు.

అందరూ బెంబేలెత్తేది మార్ఫాలజీ, అంటే కణాల ఆకారం, చూసి. "నార్మల్ 4 శాతం" అని ఉంటే మిగతా 96 శాతం వంకర కణాలా అని నిద్రపోరు. అది మామూలే. ఆకారం తేడాగా ఉన్న కణం వల్ల పుట్టే బిడ్డకి అవకరం వస్తుందనేది నిజం కాదు.

మీకు మీరే వేసుకోదగ్గ లెక్క ఒకటుంది. వీర్యం ఎన్ని మిల్లీలీటర్లో, దాన్ని మిల్లీలీటరుకు ఉన్న కౌంటుతో గుణించి, అందులో ముందుకు ఈదేవి ఎంత శాతమో చూడండి. 2 మిల్లీలీటర్లు, 12 మిలియన్లు, 25 శాతం అయితే 6 మిలియన్లు, అంటే 60 లక్షలు ఈదుతున్నాయి. విడివిడి అంకెల కన్నా ఇదే ఎక్కువ చెబుతుంది. శుభ్రం చేసిన శాంపిల్‌లో ఈదేవి 50 లక్షల కన్నా తక్కువుంటే ఐయూఐతో (శుభ్రం చేసిన వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం) ఫలితం తగ్గుతుంది, అప్పుడే డాక్టర్లు ఐవీఎఫ్ (అండాన్నీ కణాల్నీ ల్యాబులో కలపడం), ఇక్సీ (ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని సూదితో ఎక్కించడం) మాట ఎత్తుతారు.

"పస్ సెల్స్" ఎక్కువున్నాయని నెలల తరబడి యాంటీబయోటిక్స్ మింగే వాళ్లని చూశాను. మైక్రోస్కోప్‌లో గుండ్రంగా కనిపించే ప్రతి కణమూ చీము కణం కాదు, ఇంకా ఎదగని వీర్యకణాలు కూడా అలాగే కనిపిస్తాయి. మంట, నొప్పి ఏమీ లేకుండా రెండో కోర్సు రాస్తుంటే కల్చర్ (నిజంగా క్రిములున్నాయో లేదో చూసే టెస్టు) చేయిద్దామా అని అడగండి.

డాక్టర్ మిమ్మల్ని నిలబెట్టి చూడాలి

రిపోర్టు తేడాగా వస్తే వెళ్లాల్సింది ఆండ్రాలజిస్ట్ దగ్గరికి, లేదా మగవాళ్ల సంతాన సమస్యలు చూసే యూరాలజిస్ట్ దగ్గరికి. నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల్లో యూరాలజీ విభాగాలున్నాయి, ప్రైవేటులోనూ చాలామంది ఉన్నారు. మీ రిపోర్టు చూసి, మిమ్మల్ని ముట్టుకుని చూడకుండానే మాత్రలు రాసినా, నేరుగా ఐవీఎఫ్ ప్యాకేజీ చెప్పినా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఈ ఒక్క మాట మీద నేను గట్టిగా నిలబడతాను.

నాకు మా యూరాలజిస్ట్ రెండు నిమిషాల్లో కనిపెట్టాడు. నిలబెట్టి, ఊపిరి బిగబట్టి ముక్కమన్నాడు, ఎడమ వైపు చేత్తో తడిమి "ఇదిగో, నరాలు ఉబ్బాయి, నీకు తెలియలేదా?" అన్నాడు. నాకు ఎప్పట్నుంచో సాయంత్రానికి ఆ వైపు బరువుగా లాగినట్టు ఉండేది, షిఫ్టులో నిలబడి నిలబడి అనుకునేవాణ్ని. వృషణం దగ్గరి సిరలు ఇలా ఉబ్బడాన్నే వేరికోసీల్ అంటారు. సంచిలో వానపాములు ఉన్నట్టు చేతికి తగులుతుంది. మామూలు మగవాళ్లలో 15 శాతం మందికి ఉంటుంది, పిల్లలు కలగడం లేదని వచ్చే వాళ్లలో 35 నుంచి 40 శాతం మందికి. ఎడమ వైపే ఎక్కువ ఎందుకంటే, ఆ వైపు సిర నేరుగా కిడ్నీ సిరలోకి నిట్టనిలువుగా కలుస్తుంది, అక్కడ రక్తం కిందికి మళ్లి నిలిచిపోతుంది. రక్తం నిలిస్తే వేడి. వృషణాలు ఒంటి వేడి కన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే కణాలు సరిగా తయారవుతాయి, ఒంటి బయట వేలాడటానికి కారణమే అది.

వేరికోసీల్ ఉన్న ప్రతివాళ్లకీ ఆపరేషన్ అక్కర్లేదు. చేతికి తగిలేంత ఉండి, రిపోర్టు బాగాలేక, పిల్లల కోసం చూస్తున్న వాళ్లకి చేస్తారు. స్కానింగ్‌లో మాత్రమే కనిపించే చిన్నదానికి చేయించుకుంటే ఉపయోగం లేదు. మైక్రోస్కోప్ పెట్టి చేసే పద్ధతిలో మళ్లీ రావడం, నీరు చేరడం తక్కువ. ఫలితం మూడు నుంచి ఆరు నెలల్లో కనిపిస్తుంది, చాలామందికి మెరుగవుతుంది, అందరికీ కాదు. నాకు ఆరో నెలకి కౌంటు 19 మిలియన్లకు వచ్చింది.

డాక్టర్ వృషణాల సైజు చూస్తారు, వీర్యం మోసుకొచ్చే నాళం ఉందో లేదో తడిమి చూస్తారు. ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టిరాన్ లాంటి హార్మోన్ల రక్త పరీక్షలు రాస్తే పొద్దున్నే ఇవ్వండి, టెస్టోస్టిరాన్ పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. స్నానం చేసేటప్పుడు మీరే అప్పుడప్పుడు వృషణాలు తడిమి చూసుకోండి, గట్టిగా గడ్డ తగిలితే నొప్పి లేదని వదిలేయొద్దు, వెంటనే చూపించండి. సంతాన సమస్య ఉన్న మగవాళ్లలో వృషణాల క్యాన్సర్ కాస్త ఎక్కువ.

మూడు నెలల లెక్క

ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు, బయటికి వచ్చే దారిలో ఇంకో రెండు వారాలు. అంటే ఈ రోజు మీరు మానేసిన సిగరెట్టు ఫలితం మూడు నెలల తర్వాతి శాంపిల్‌లో కనిపిస్తుంది. పది రోజులకోసారి టెస్టు చేయించి నిరాశపడొద్దు. క్యాలెండర్‌లో మొదలుపెట్టిన తేదీ రాసుకుని మూడు నెలలకి చేయించండి. అలాగని ఆవిడకి 35 దాటితే "నేను ముందు బాగవుతా" అంటూ ఏడాది గడిపేయొద్దు. మీ మూడు నెలలు నడుస్తుండగానే ఆవిడ టెస్టులు, డాక్టర్‌తో మాటలు కూడా నడవాలి.

మొదట సిగరెట్టు, గుట్కా, ఖైనీ, జర్దా. పొగాకు నోట్లో పెట్టినా కణాలకు చెరుపే. గుట్కా మీద మన రాష్ట్రంలో నిషేధం ఉన్నా పాన్ డబ్బాల్లో దొరుకుతూనే ఉంది, దొరుకుతోంది కదా అని వేసుకోవద్దు. నేను రోజుకి ఎనిమిది సిగరెట్లు తాగేవాణ్ని, టీ కొట్టు దగ్గర నిలబడితే చెయ్యి దానంతటదే వెళ్లేది, అందుకని నాలుగు నెలలు టీ ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకున్నాను. మందు మానేయగలిగితే మంచిది, లేకపోతే ఎప్పుడో ఒకసారి, కొద్దిగా. గంజాయి అస్సలు వద్దు.

తర్వాత వేడి. బేకరీ ఓవెన్ దగ్గర, తందూర్ దగ్గర, రంజాన్ నెలలో హలీం భట్టీల దగ్గర, చర్లపల్లి, బాలానగర్ ఫ్యాక్టరీల్లో కొలిమి దగ్గర పనిచేసే వాళ్లకి ఇది నిజమైన సమస్య. పని మానేయమని ఎవరూ అనలేరు, కానీ గంటకోసారి పక్కకి వచ్చి చల్లగా పది నిమిషాలు నిలబడటం, వీలైతే ఆ మూడు నెలలు వేరే పనికి మార్చమని సూపర్‌వైజర్‌ని అడగడం చేయొచ్చు. ఆటో, లారీ నడిపే వాళ్లు రెండు గంటలకోసారి దిగి నడవండి. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోవద్దు, బల్ల మీద పెట్టండి. బిగుతు డ్రాయర్లు, బిగుతు జీన్సు వదిలేసి వదులుగా ఉండే కాటన్ బాక్సర్లు. రాత్రి లుంగీ కట్టుకుని పడుకోండి, మన నాన్నల అలవాటు ఈ విషయంలో చాలా మంచిది. స్టీమ్ బాత్, వేడినీళ్ల టబ్బు కొన్నాళ్లు పక్కన పెట్టండి. పురుగుమందులు కొట్టేవాళ్లు, బ్యాటరీ సీసంతో, పెయింట్ల సాల్వెంట్లతో పనిచేసే వాళ్లు గ్లౌజులు, మాస్కు తప్పకుండా వాడి, ఆ బట్టలతో ఇంట్లోకి రావొద్దు.

పొట్ట. కొవ్వు కణాలు మగ హార్మోన్‌ని ఆడ హార్మోన్‌గా మారుస్తాయి, పొట్ట పెరిగే కొద్దీ లెక్క తప్పుతుంది. అర్ధరాత్రి షిఫ్టు దిగి ఒంటిగంటకి బిర్యానీ తిని పడుకోవడం వారానికి నాలుగుసార్లు అయితే ఏ మాత్రా పనిచేయదు. నేనేం ప్రత్యేకమైన డైట్ చేయలేదు. రాత్రి జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, వారానికి రెండుసార్లు చేప, సాయంత్రం సమోసా బదులు గుప్పెడు పల్లీలో బాదమో, రోజూ నలభై నిమిషాలు నడక. ఏడు కిలోలు తగ్గాను. షుగర్ ఉంటే దాన్ని అదుపులో పెట్టడం అన్నిటికన్నా ముఖ్యం, అది అంగస్తంభననీ కణాల్నీ రెండింటినీ దెబ్బతీస్తుంది, కొందరిలో వీర్యం బయటికి రాకుండా మూత్రసంచిలోకి వెనక్కి పోతుంది.

జిమ్‌కి వెళ్లే తమ్ముళ్లకి చేతులెత్తి చెబుతున్నా, టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్, స్టెరాయిడ్ సైకిల్ జోలికి పోకండి. బయటి నుంచి హార్మోన్ వస్తే మెదడు "ఇక్కడ సరిపడా ఉంది" అనుకుని వృషణాలకి పంపే సిగ్నల్ ఆపేస్తుంది, కణాల తయారీ ఆగిపోతుంది, కొందరికి కౌంటు సున్నాకి పడిపోతుంది. కండలు వస్తాయి, వృషణాలు చిన్నవవుతాయి. నీరసంగా ఉందని, టెస్టోస్టిరాన్ తక్కువుందని డాక్టరే రాసినా పిల్లలు కావాలని ముందే చెప్పండి, వేరే మందులున్నాయి. ఇప్పటికే వాడుతుంటే సొంతంగా ఆపకుండా ఆండ్రాలజిస్ట్‌ని కలవండి, మళ్లీ కోలుకోవడానికి ఆరు నెలల నుంచి రెండేళ్లు కూడా పట్టొచ్చు. జుట్టు ఊడకుండా వేసుకునే ఫినాస్టరైడ్, పేగు పూతకీ కీళ్లవాతానికీ ఇచ్చే సల్ఫాసలజీన్ కూడా కొందరిలో కౌంటు తగ్గిస్తాయి, ఆపితే తిరిగి వస్తుంది. ఏం మందులు వాడుతున్నారో ఆ స్ట్రిప్పులన్నీ కవర్లో వేసుకుని డాక్టర్‌కి చూపించండి.

పొడులు, మాత్రలు, గోడల మీద ప్రకటనలు

రైల్వే స్టేషన్ దారిలో గోడల మీద కనిపించే నంబర్లకి ఫోన్ చేయకండి. ఏం కలిపారో తెలియని పొడులకి, భస్మాలకి వేలు పోయడం కన్నా ఆ డబ్బుతో రెండో సెమెన్ టెస్టు, హార్మోన్ టెస్టు చేయించొచ్చు, కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం ఉంటాయి, కణాలకు అవే శత్రువులు. మెడికల్ షాపులో దొరికే జింకు, ఫోలిక్ యాసిడ్ సంగతీ చెబుతాను. అమెరికాలో 2,370 జంటల మీద చేసి 2020లో బయటపెట్టిన పెద్ద పరిశోధనలో, ఆరు నెలలు వేసుకున్నా వీర్యం మెరుగవలేదు, పుట్టిన పిల్లల సంఖ్యా పెరగలేదు. మీ డాక్టర్ యాంటీఆక్సిడెంట్ మాత్ర రాస్తే వేసుకోండి, కానీ అదే వైద్యం అనుకుని నెలలు గడపొద్దు.

కలిసే రోజులు

వీర్యకణాలు ఆవిడ ఒంట్లో ఐదు రోజుల దాకా బతుకుతాయి, అండం మాత్రం 12 నుంచి 24 గంటలే. అందుకే అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు ముఖ్యం. యాప్ చెప్పిన 14వ రోజు ఒక్కటే పట్టుకుని కూర్చోవద్దు, అందరికీ నెలసరి 28 రోజులు ఉండదు. రెండు మూడు రోజులకోసారి కలుస్తుంటే ఏ లెక్కా అక్కర్లేదు. ఒక చుక్క వీర్యం వంద చుక్కల రక్తం అంటూ దాచుకోమనే వాళ్ల మాట వినకండి, అది దాచుకునేది కాదు, రోజూ తయారవుతూనే ఉంటుంది. ఉమ్మి, మామూలు జెల్లీలు కణాల కదలికని తగ్గిస్తాయి, వాడొద్దు.

మన హైదరాబాద్‌లో ఒక కారణం ఏ రిపోర్టులోనూ కనిపించదు. ఆయనది గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్, ఆవిడది పొద్దున స్కూలు ఉద్యోగం, వారమంతా తాళంచెవి చేతులు మారడమే. ఇలాంటి వాళ్లు అండం విడుదలని చూపే కిట్ మెడికల్ షాపులో తెచ్చుకుని, ఆ మూడు నాలుగు రోజులకి సెలవో షిఫ్టు మార్పో అడగండి. తేదీ పెట్టుకుని కలవడంతో టెన్షన్ వచ్చి అంగం గట్టిపడకపోవడం చాలామందికి జరుగుతుంది. నాకూ జరిగింది. ఆవిడ మీద విసుక్కోకుండా డాక్టర్‌కి చెప్పండి, దానికి మంచి మందులున్నాయి.

కౌంటు సున్నా వస్తే

అజూస్పెర్మియా అని రాస్తారు. ఆ కాగితం చేతికి వచ్చిన రోజు ఎవరికైనా కాళ్ల కింద నేల కదులుతుంది. అయినా అదే చివరి మాట కాదు. మళ్లీ టెస్టు చేయించి, శాంపిల్‌ని మిషన్‌లో తిప్పి అడుగున వెతకమని అడగండి. కొందరికి తయారీ బాగానే ఉండి దారిలో అడ్డు ఉంటుంది, అప్పుడు సూదితో కణాలు తీసి ఇక్సీ చేయొచ్చు. 1992లో బెల్జియంలో ఇక్సీతో తొలి పిల్లలు పుట్టినప్పటి నుంచి ఒక్కో అండానికి ఒక్కో కణం దొరికినా చాలు. తయారీయే తక్కువైన వాళ్లలో కూడా మైక్రో టీసే (మైక్రోస్కోప్‌తో వృషణంలో వెతికి కణాలు తీయడం) అనే ఆపరేషన్‌తో దాదాపు సగం మందికి ఎక్కడో ఒకచోట కణాలు దొరుకుతాయి. దానికి ముందు క్రోమోజోమ్ టెస్టు, వై క్రోమోజోమ్ ముక్కలు ఊడిపోయాయేమో చూసే టెస్టు తప్పకుండా చేయించాలి, ఎందుకంటే కొన్ని రకాల లోపాల్లో కణాలు దొరకవని ముందే తెలుస్తుంది, ఆపరేషన్ తప్పుతుంది. హబ్సిగూడ దగ్గరున్న మన సీసీఎంబీ (జీవకణాల మీద పరిశోధన చేసే సంస్థ) శాస్త్రవేత్తలు ఏళ్లుగా దీని మీదే పనిచేస్తున్నారు, 2022లో మగవాళ్ల సంతానలేమికి కారణమయ్యే ఎనిమిది కొత్త జన్యువుల్ని గుర్తించారు.

కణాలు దొరకకపోతే దాత వీర్యం, దత్తత అనే దారులున్నాయి. దాత వీర్యం మీ ఇద్దరి రాతపూర్వక అంగీకారంతో, రిజిస్టరైన బ్యాంకు నుంచే రావాలి. పుట్టిన బిడ్డ చట్టం దృష్టిలో పూర్తిగా మీ బిడ్డే.

ఫెర్టిలిటీ సెంటర్‌కి వెళ్లాల్సి వస్తే, ఐవీఎఫ్ లాంటి చికిత్సల కోసం తెచ్చిన 2021 నాటి ఏఆర్‌టీ చట్టం ప్రకారం ప్రతి సెంటర్‌కీ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ సర్టిఫికెట్ చూపించమని అడగడానికి మొహమాటపడకండి. ఖర్చు లక్షల్లో ఉంటుంది, కాబట్టి మందులు, ఫ్రీజింగ్, ఇక్సీ విడివిడిగా ఎంతో కాగితం మీద రాయించుకోండి. గాంధీ ఆస్పత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం మొదలైంది, డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు ముందు అక్కడికి వెళ్లి ప్రస్తుతం ఏ సేవలు అందుతున్నాయో కనుక్కోండి.

ఇంట్లో చెప్పడం

"ఏమైనా విశేషమా?" అని మా ఆవిడని ప్రతి పెళ్లిలో అడిగేవాళ్లు. నా రిపోర్టు వచ్చిన వారానికి, అమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని నేనూ నాలుగు కాయలు తీసుకున్నాను. "అమ్మా, లోపం తనలో లేదు. నాకు కౌంటు తక్కువుంది, ఆపరేషన్ చేయించుకుంటున్నా" అన్నాను. అమ్మ చేతిలోని కాయ అలాగే పట్టుకుని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్లి, బెడ్‌రూమ్‌లో బట్టలు మడతపెడుతున్న మా ఆవిడ పక్కన కూర్చుంది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను కాయలన్నీ ఒలిచేశాను. ఆ తర్వాత ఫంక్షన్లలో ఎవరైనా అడిగితే అమ్మే అడ్డుపడేది. ఇప్పుడు మా పాప యూకేజీ.

రేపు పొద్దున్న ఇంటికి దగ్గరి ల్యాబుకి ఫోన్ చేసి ఏ రోజుల్లో, ఏ టైమ్‌లో శాంపిల్ తీసుకుంటారో, గది విడిగా ఉందో లేదో కనుక్కోండి. చివరిసారి కలిసి ఎన్ని రోజులైందో గుర్తు పెట్టుకోండి, వాళ్లు అడుగుతారు. ఆధార్ కార్డు జేబులో ఉంచుకోండి. ఆవిడ కూడా వస్తానంటే తీసుకెళ్లండి, ఈసారి బయట కూర్చునేది తను, లోపలికి వెళ్లేది మీరు.